రెండో పాయింటు

నా పిచ్చుకా,

ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను ఏడుస్తాను, ఒక్క మాటా పూర్తికాదు. అందుకని రాస్తున్నాను. నా చదువెంతో నీకు తెలుసు. అక్షరాలు వంకరటింకరగా ఉంటే కళ్ళు చిట్లించుకుని చదువుకో. రాయడం అయ్యాక ఫోన్‌తో ఫొటోలు తీసి పంపిస్తాను. మీ జట్టు శిబిరంలో ఫోన్లు లాక్కుని సాయంత్రం ఇస్తారటగా, అప్పుడు చూడు. ఫొటోలో నా బొటనవేలు పడితే నవ్వకు.

నిన్న మీ క్రికెట్ సంఘం కార్యదర్శి మనింటికి వచ్చాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు విని, చెప్పాపెట్టకుండా నువ్వే వచ్చావనుకుని పరుగెత్తి తలుపు తీశాను. చూస్తే ఈయన. వెనకాల ఇంకో ఇద్దరు, ఒకడి మెడలో కెమెరా. నేను అప్పుడే లాండ్రీ నుంచి వచ్చాను, మోచేతుల దాకా ఉన్న గంజి కూడా కడుక్కోలేదు.

"అమ్మా, మీరు మా అందరికీ తల్లిలాంటివారు" అన్నాడు. జుట్టుకి రంగేసుకున్నాడు గానీ నాకంటే పదేళ్ళు పెద్దవాడు.

మనింట్లో కుర్చీలు రెండేగా. ఆ కెమెరావాడు వెళ్ళి అన్నయ్య మంచం మీద కూర్చున్నాడు. ఆ పక్క నేను ఇన్నాళ్ళూ కదపలేదే పిచ్చుకా. ఊరందరి దుప్పట్లూ ఉతికి ఇస్త్రీ చేసేదాన్ని, ఆ ఒక్క దుప్పటి ఉతకడానికి నాకు చేతులు రాలేదు. వాడు దర్జాగా అన్నయ్య దిండు లాగి నడుం వెనక పెట్టుకున్నాడు. "లే నాయనా" అన్నాను. "ఏంటమ్మా?" అన్నాడు. "లేచి నిలబడు, అది కూర్చునేది కాదు" అన్నాను. లేచాడు. దిండు మీద ఇన్నాళ్ళూ అన్నయ్య తల పెట్టుకున్న గుంట ఉండేది. ఇప్పుడు వాడి నడుం గుంట ఉంది.

ఇంతకీ వచ్చిన పనేమిటంటే, స్టేడియం మూడో గేటుకి అన్నయ్య పేరు పెడతారట. నేను వచ్చి తెర లాగాలట. ఆ రోజు చదవబోయే మాటలు ముందే రాసుకొచ్చి నాకు వినిపించాడు. "ఆట మీద ప్రాణం పెట్టుకున్న ఈ మైదానం కార్మికుడు, ఎవరూ చెప్పకుండానే, ఉరుముల్నీ మెరుపుల్నీ లెక్కచేయకుండా, పిచ్‌ని కాపాడటానికి పరుగెత్తాడు. మన జట్టును ప్రపంచకప్పుకి ఒక మెట్టు దగ్గర చేసి తాను దూరమయ్యాడు." చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి.

"ఎవరూ చెప్పకుండానా?" అన్నాను.

"అవునమ్మా. విచారణలో అలాగే తేలింది. అంత ప్రేమ అతనికి ఆటంటే."

నాకు ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టయింది. ఎవరికే ప్రేమ? మీ అన్నయ్యకా? పొద్దస్తమానం రోలరు తోసి తోసి ఇంటికొచ్చాక టీవీలో క్రికెట్ కనిపిస్తే చాలు, "అమ్మా మార్చవే, పొద్దున్నించీ దాని మొహమే చూస్తున్నా, ఇంట్లో కూడానా" అనేవాడు. నువ్వు ఆడుతున్నప్పుడు ఒక్కటే చూసేవాడు, అదీ నువ్వు బంతి వదిలేస్తే ఎగతాళి చేయడానికి. ఇక ఉరుమంటావా, ఇంత గడ్డం వచ్చాక కూడా మబ్బు గుర్రుమంటే చాలు మంచం కిందికి దూరేవాడు. నువ్వు వంగి చూసి, "ఒరేయ్ అన్నయ్యా, బయటికి రా, వెళ్ళిపోయాయి" అంటే, "ఇంకో ఐదు నిమిషాలు ఆగవే, మళ్ళీ వస్తాయి" అనేవాడు. ఆ మనిషి ఎవరూ చెప్పకుండా పిడుగుల కిందికి పరుగెత్తాడట! నవ్వాలో ఉమ్మాలో తెలియలేదు నాకు.

ఈ లీగు సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పింది అన్నయ్యే. ఎనిమిది దేశాల ఆడపిల్లలు రెండేళ్ళపాటు ఒకరితో ఒకరు ఆడాలి, చివరికి పట్టికలో పై నాలుగింట్లో ఉన్నవాళ్ళు ప్రపంచకప్పుకి వెళ్తారు, గెలిస్తే రెండు పాయింట్లు, వాన కొట్టి ఆట ఆగిపోతే చెరొకటి అని. ఆ రోజు మీరు గెలుపు మీదున్నారు. మెరుపులు మొదలయ్యాయి. అంపైర్లు మిమ్మల్నందర్నీ లోపలికి పంపేశారు. సరే, మంచిపనే. మిమ్మల్ని లోపలికి పంపేంత మెరుపులున్నప్పుడు వీళ్ళని పట్టా లాగడానికి బయటికి ఎవరు పంపారే? ఆ పిచ్ మీద కప్పే ప్లాస్టిక్ పట్టా వాడి ప్రాణం కంటే ఎక్కువైంది ఎవరికి?

నేను ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంటే స్టేడియం వైపు నుంచి టపాకాయలు వినిపించాయి. వాన వెలిసిందట, పిచ్ పొడిగా ఉందట, మళ్ళీ ఆడి మీరు గెలిచారట. అప్పుడు వచ్చావు నువ్వు. ఆడిన బట్టల్లోనే, మేకుల బూట్లు ఆ గచ్చు మీద టకటకలాడుతుంటే. ఆట అయ్యేదాకా నీకు చెప్పలేదట. "వికెట్ల వెనక నిలబడే పిల్ల, చెప్తే చేతులు వణుకుతాయి" అనుకున్నారట. అన్నయ్య శవం గ్యాలరీ వెనక అంబులెన్సు కోసం ఎదురుచూస్తుంటే వీళ్ళు నీచేత బంతులు పట్టించారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ నోట్లో చేదు ఊరుతుంది.

ఇంతకంటే రాయలేను. ఒక్కటే అడుగుతున్నా. నాకు మిగిలింది నువ్వొక్కదానివి. ఆ జట్టు వదిలేసి ఇంటికి వచ్చేయ్. వాళ్ళ బట్టలు విప్పి వాళ్ళ మొహాన కొట్టి వచ్చేయ్. లాండ్రీలో నిన్ను పెట్టుకుంటామన్నారు. లేదంటే ఏదో ఒకటి చేసుకుందాం. ఆ మురికి నీకు అంటకూడదు.

అమ్మ

*

పిచ్చుకమ్మా,

నీ జవాబు చూశాను. నాలుగంటే నాలుగు ముక్కలు. "ఇప్పుడు రాలేనమ్మా. లీగులో చివరి మ్యాచ్ అయ్యాక వస్తాను. ఎందుకని అడక్కు. నన్ను నమ్ము." ఎన్నిసార్లు చదివినా నాలుగు ముక్కలే ఉన్నాయి.

దాని సంగతి చివర్లో చెప్తాను. ముందు ఇది విను. గ్రౌండు మేస్త్రీ వచ్చాడు. అన్నయ్య వాళ్ళందరి మీద పెత్తనం చేసేవాడు, బట్టతలాయన, నువ్వు చిన్నప్పుడు ఆయన్ని చూసి "గుండు బాబాయ్" అనేదానివి. ఆదివారం నేను బియ్యం ఏరుతుంటే గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాడు, పొమ్మన్నా పోడు.

"అక్కా, నేను నీకో మాట చెప్పాలి" అన్నాడు.

"చెప్పు."

"చెప్తే నువ్వు నా మొహాన ఉమ్ముతావు."

"ఉమ్మేదేదో చెప్పాకే ఉమ్ముతాలే, ముందు చెప్పు" అన్నాను.

గుమ్మంలోనే కూలబడి చెప్పాడు. మీరు లోపలికి వెళ్ళగానే వీళ్ళంతా కూడా రేకుల షెడ్డులోకి పోయారట. పిచ్ మీద పట్టా సగమే పరిచి ఉంది. కార్యదర్శి పెద్ద గొడుగు వేసుకుని తాడు దగ్గరికి వచ్చి కేకలు వేశాడట. "తడిస్తే ఆట ఆగిపోతుంది! ఒక్క పాయింటుతో మనం ఏం చేసుకుంటాం? రెండు కావాలి, రెండు! ఎవడు లాగకపోతే వాడు రేపట్నించి రానక్కర్లేదు!" వీళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు మీ అన్నయ్య ఏమన్నాడో తెలుసా? "సార్, ఆ గొడుగు నాకిచ్చి మీరు పట్టా లాగండి. ఇద్దరం ఉద్యోగం మార్చుకుందాం" అన్నాడట. అందరూ నవ్వారట. ఆ నవ్వుకి కార్యదర్శికి మండింది. మేస్త్రీ వైపు తిరిగి, "వాణ్ణి ముందు పంపు" అన్నాడట.

"నేను పంపాను అక్కా" అన్నాడు మేస్త్రీ. "వెళ్ళరా బాబూ, మూల లాగేసి వచ్చేద్దువు, నిమిషం పని అన్నాను. వాడు నావైపు చూశాడు. వెళ్ళాడు. నేనూ వెనకే బయల్దేరాను. నాకంటే నాలుగడుగులు ముందున్నాడు, పిడుగు వాడి మీదే పడింది."

"విచారణలో ఇదంతా చెప్పావా?" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. "వాడంతట వాడే వెళ్ళాడని చెప్పాను. ఇంకో రెండేళ్ళలో నాకు పింఛను వస్తుందక్కా."

పిచ్చుకా, నాకు వాణ్ణి చూస్తే మురుగుకాలవ పక్కన నిలబడ్డట్టు ఉంది. ఏడుస్తున్నాడు, ముక్కు చీదుతున్నాడు, ఆ చెయ్యి మన గుమ్మానికి రాస్తున్నాడు. "క్షమించు అక్కా" అన్నాడు. "నా దగ్గర క్షమాపణ లేదు. మంచినీళ్ళున్నాయి, తాగి పో" అన్నాను. సిగ్గులేకుండా తాగాడు. గ్లాసు రెండుసార్లు తోమాను. ఇంకా అందులో తాగబుద్ధి కావడం లేదు.

ఇప్పుడు నీ సంగతి. నీకు ఇదంతా తెలుసా? లోపలి అద్దాల గదిలో నుంచి మైదానం అంతా కనిపిస్తుందని నువ్వే చెప్పావు ఒకసారి. ఏం చూశావు నువ్వు? చూసీ అక్కడే ఉన్నావా? వాళ్ళు పెట్టే శిబిరంలో, వాళ్ళిచ్చిన మంచం మీద ఎలా నిద్రపడుతోందే నీకు? లాండ్రీలో నాతో మడతలు పెట్టే వదిన అంటుంది, "పిల్ల కల అది, ఎన్నేళ్ళ కష్టం, ప్రపంచకప్పు గుమ్మం దాకా వచ్చి వదిలేయమంటే ఎలా వదిలేస్తుంది" అని. దుప్పటి ఆ చివర ఆవిడ, ఈ చివర నేను. నేను నా చివర వదిలేసి బయటికి వచ్చేశాను. దుప్పటంతా నేల మీద పడింది, మళ్ళీ ఉతకాల్సి వచ్చింది, యజమాని అరిచాడు.

నీకు కూడా ఆ రెండో పాయింటు కావాలి. అంతేగా? చెప్పు, ఫరవాలేదు. నేను నీ తల్లినే, పళ్ళు కొరికి వింటాను. కానీ ఆ లీగు అయ్యేదాకా నాకు ఫోన్ చేయకు. ఆ ఆటగాళ్ళ గదుల్లోంచి వచ్చే నీ గొంతు నేను వినలేను.

అమ్మ

*

వికెట్ కీపరు గారికి,

ఫోన్ చేయవద్దంటే నిజంగానే మానేశావు. నేనన్న ప్రతి మాటా ఇలాగే వినే దానివైతే ఎంత బావుండేది.

గేటు పండగ అయింది. వెళ్ళకూడదనుకున్న దాన్ని ఎందుకు వెళ్ళావంటావా? నేను వెళ్ళకపోతే ఎవత్తెనో తీసుకొచ్చి ఆవిడే తల్లని చెప్పేలా ఉన్నారు. పైగా నాకు మైకు ఇస్తారన్నారు. మైకు ఇస్తే చాలనుకున్నాను.

నువ్వు ఆ ఫొటో చూడాల్సింది. గేటు పైన మనిషికి మూడింతల బొమ్మ. నీ పుట్టినరోజున మనం ముగ్గురం దిగిన ఫొటోలోంచి వాణ్ణి కత్తిరించారు. నీ భుజం మీద వాడు వేసిన చెయ్యి ఉంది చూడు, ఆ చెయ్యి ఇప్పుడు గాల్లో ఉంది, దాని కింద ఎవరూ లేరు. చొక్కా మీద సిమెంటు కంపెనీ గుర్తు అతికించారు. నెత్తిన టోపీ పెట్టారు, టోపీ మీద ఇంకో కంపెనీ. వాడు బతికుండగా వాన కోటు అడిగితే ఇవ్వలేదు వీళ్ళు. చచ్చాక టోపీ పెట్టారు.

ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి పళ్ళరసం పంచారు. నాకూ ఇచ్చారు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ, ఎవరో పదవిలో ఉన్నాయన భార్యట, నా చెయ్యి నొక్కి, "మీరు అదృష్టవంతులు, కొడుకు పేరు నిలిచిపోయింది" అంది. ఆవిడ అరచెయ్యి మెత్తగా, చల్లగా, ఉడికించిన ముద్దలా ఉంది. నేను నా చెయ్యి లాక్కుని కుర్చీకి తుడుచుకున్నాను. చూసిందో లేదో, నాకేం పట్టలేదు.

కార్యదర్శి ఆ కాగితమే మళ్ళీ చదివాడు. ఈసారి గొంతు వణికించడం కూడా నేర్చుకున్నాడు. "ఎవరూ చెప్పకుండానే" అన్న చోట ఆగి అందరి వైపూ చూశాడు. మేస్త్రీ ఆ పక్కనే పూలబుట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. తల ఎత్తలేదు.

తర్వాత నన్ను పిలిచారు. తెర తాడు చేతికిచ్చారు. నేను తాడు వదిలేసి మైకు పట్టుకున్నాను. "నా కొడుక్కి ఉరుమంటే భయం. వాడంతట వాడు వెళ్ళలేదు. పంపారు. పంపినవాడు ఇక్కడే గొడుగు లేకుండా నిలబడి ఉన్నాడు" అన్నాను. చాలా బాగా చెప్పాననుకున్నాను. రాత్రంతా అద్దం ముందు నిలబడి అనుకున్న మాటలు. తీరా చూస్తే నా గొంతు నాకే సరిగా వినపడలేదు. మొదటి ముక్క దగ్గరే ఎవడో తీగ పీకేశాడు. జనం నా నోరు కదలడం చూశారు, కన్నీళ్ళు చూశారు, ఏదో గొప్ప మాట అన్నాననుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు! ఎంతసేపు కొట్టారనుకున్నావ్! ఆ చప్పట్లు ఒక్కొక్కటీ చెంప మీద పడ్డట్టుంది. ఆలోపు ఎవరో తెర లాగేశారు, పాట పెట్టేశారు.

ఇంటికొచ్చి తల మీద నీళ్ళు పోసుకున్నాను. సబ్బుతో రుద్ది రుద్ది పోసుకున్నాను. ఆ వాసన పోలేదు. పళ్ళరసం, పూలు, అత్తరు, అబద్ధం, అన్నీ కలిసిన వాసన.

నీ చివరి మ్యాచ్ ఎల్లుండటగా, పరాయి దేశంలో. గెలిస్తే ప్రపంచకప్పు, గెలవకపోతే లేదట. వీధంతా అదే గోల. పై వాటా వాళ్ళు మేడ మీద తెర కడుతున్నారు, నన్ను ముందు వరసలో కూర్చోమన్నారు. నేను రాను. లాండ్రీలో పని ఉంది.

ఉంటాను మరి,
చప్పట్లు కొట్టించుకున్న మీ అమ్మ

*

ఏమే నా పిచ్చుకా,

ముందు నీ వీపు ఇటు తిప్పు. దూరంలో ఉన్నావు కాబట్టి బతికిపోయావు. దగ్గరుంటే ఆ వీపు విమానం మోత మోగించేదాన్ని. పిడుగులు పడుతుంటే బయట కూర్చుంటావా? ఒకణ్ణి ఇచ్చింది చాలక రెండోదాన్ని కూడా ఇమ్మంటావా నన్ను? నా గుండె ఏమైపోయిందనుకున్నావు?

మేడ మీదికి వెళ్ళలేదు గానీ చూడకుండా ఉండలేకపోయాను. లాండ్రీలో టీవీ పెట్టారు. ఆవిరికి తెర మసకేస్తుంటే వదిన మాటిమాటికీ దిండు గలీబుతో తుడుస్తోంది. మనవాళ్ళు గెలుపు మీదున్నారు. అవతలివాళ్ళవి ఇంక మూడు వికెట్లే ఉన్నాయి. యజమాని అందరికీ టీ తెప్పించాడు. అప్పుడు ఆ దేశం ఆకాశం నల్లబడింది. మెరుపు మెరిసింది. అంపైర్లు అందర్నీ లోపలికి పొమ్మన్నారు. అందరూ పరుగెత్తారు. నువ్వు పరుగెత్తలేదు.

బౌండరీ తాడు అవతల చుట్టిపెట్టిన పట్టా ఉంది. ఆ ఊరి పనివాళ్ళు, ఎవరి బిడ్డలో ఏమో, ఒంటి మీద తడి చొక్కాలతో దాని వైపు పరుగెత్తుకొస్తున్నారు. మన కార్యదర్శి అక్కడిక్కూడా తయారు, గొడుగు కిందనుంచి చేతులూపుతూ. నువ్వు నడుచుకుంటూ వెళ్ళి, కాళ్ళకి ఆ ప్యాడ్లతోనే, ఆ పట్టా చుట్ట మీద కూర్చున్నావు. పెళ్ళివారింట్లో అలిగిన పెత్తల్లిలా కూర్చున్నావు.

లాండ్రీలో ఎవరికీ అర్థం కాలేదు. "కాలు పట్టేసిందేమో పిల్లకి" అన్నాడు యజమాని. నాకు అర్థమైంది. నా చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. కింద ఆసుపత్రి దుప్పటి మాడిపోయి పొగ వచ్చేదాకా నాకు తెలియలేదు.

ఒక పనివాడు వచ్చి నిన్ను లేవమంటున్నాడు. నువ్వు వాడికి షెడ్డు చూపిస్తున్నావు. నీకు వాళ్ళ భాష రాదు, వాడికి నీ భాష రాదు, అయినా వాడికి తెలిసిపోయింది, ఆగిపోయాడు. అంతలో మన జట్టులో ఆ పొడుగుపిల్ల, నీ గదిలో ఉండేది, వెనక్కి వచ్చి నీ పక్కన కూర్చుంది. ఆ తర్వాత అవతలి దేశం పిల్ల ఒకతె కూడా వచ్చి కూర్చుంది చూడు, అప్పుడు ఏడ్చాను నేను. ఆ పిల్ల తల్లి కూడా ఎక్కడో నాలాగే తిట్టుకుంటూ ఉంటుంది.

పనివాళ్ళంతా షెడ్డులోకి వెళ్ళేదాకా మీరు ముగ్గురూ లేవలేదు. వాళ్ళు వెళ్ళాక లేచి పరుగెత్తారు. ఆ పరుగు చూస్తున్నంతసేపూ నేను ఊపిరి తీసుకోలేదే. అప్పటికి పిచ్ కనపడటం లేదు, చెరువైపోయింది. ఇంక ఆట లేదన్నారు. చెరో పాయింటన్నారు. టీవీలో పట్టిక వేశారు. మనం ఐదో చోట. ఒక్క పాయింటు తక్కువ.

నిన్ను ఏమేం అన్నారో చెప్పమంటావా? నువ్వు ఎలాగూ వింటావు. యజమాని టీ గ్లాసు గోడకేసి కొట్టాడు. "దేశం పరువు ముంచింది, దాన్ని చెప్పుతో కొట్టాలి" అన్నాడు. నేను ఉన్నానన్న ధ్యాస కూడా లేదు. వదిన లేచి, "ఆ చెప్పు ముందు నా మీద పడాలి సార్, ఆ తర్వాతే పిల్ల దాకా వెళ్ళేది" అంది. వదిన! నేను దుప్పటి వదిలేసి పోయిన వదిన! వీధిలో మేడ మీది తెర చించేశారు. మన తలుపు మీద ఎవడో తారు పూశాడు. పూసుకోనీ. వాళ్ళని చూస్తుంటే నాకు కోపం కూడా రావడం లేదు, రోతగా ఉంది అంతే. గేటు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టిన చేతులే అవి.

తర్వాత ఆ మైకు పట్టుకున్నమ్మాయి నిన్ను అడిగింది, ఎందుకిలా చేశావు, నీకు తెలియదా రెండు పాయింట్లు కావాలని. నువ్వు, "మా అన్నయ్యని పట్టా లాగడానికి పంపింది ఎవరో, అదిగో, ఆ వెనక నిలబడ్డ మా కార్యదర్శి గారిని అడగండి. పంపడం నేను అద్దాల గదిలోంచి చూశాను, ఆ తర్వాత వానకి ఏమీ కనపడలేదు. విచారణలో చెప్తానన్నాను, నన్ను పిలవలేదు" అన్నావు. కెమెరా అటు తిరిగింది. ఆయన గొడుగు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అది ప్రపంచమంతా చూసిందట. ఇక్కడ ఈ పూటకి నాలుగు ఛానెళ్ళ వాళ్ళు వచ్చారు. మేస్త్రీ కూడా వచ్చాడు. పింఛను పోతే పోయింది, ఉన్నది ఉన్నట్టు చెప్తానని వాళ్ళ ముందు నిలబడ్డాడు. లోపలికి మాత్రం రానివ్వలేదు నేను. అది అంత త్వరగా అయ్యే పని కాదు.

నువ్వు ఎందుకు రాలేదో నాకు ఇప్పుడు తెలిసింది. ఎవడూ తీగ పీకలేని మైకు దొరికేదాకా ఆగావు. నేనేమో నీకు ఆ పాయింటు మీద ఆశనుకున్నాను. నీ నాలుగు ముక్కల్లో చివరిది "నన్ను నమ్ము" అని ఉంటే, దాన్ని వదిలేసి మిగతా మూడూ చదివాను. నిన్ను ఎన్ని మాటలన్నాను! అవన్నీ నువ్వు ఫోన్లోంచి తీసేయ్. తీసేయడం ఎలాగో నాకు రాదు, నీకు వచ్చుగా.

నిన్ను జట్టులోంచి తీసేస్తామంటున్నారట. ఎన్నేళ్ళుగా పొద్దున్నే లేచి, వేళ్ళు వాచిపోయినా గోరువెచ్చటి నీళ్ళలో పెట్టుకుని మళ్ళీ వెళ్ళావో నాకు తెలుసు. వెళ్తే వెళ్ళు, వెళ్ళకపోతే వెళ్ళకు, ఇంక నేను ఇది చెయ్యి అది చెయ్యి అని చెప్పను. ఆ ఆట మీద నాకు అసహ్యం పోలేదు, పోదు కూడా. కానీ నువ్వు మళ్ళీ ఆడితే చూస్తాను. లాండ్రీలో ఇంక నన్ను రావద్దన్నారు, దుప్పటి కాల్చినందుకు అన్నారు గానీ దుప్పటి కోసం కాదని అందరికీ తెలుసు. వదిన ఇంకో చోట మాట్లాడుతోంది. ఇద్దరం కలిసే పోతాం, మడతకి ఇద్దరు కావాలిగా.

విమానం దిగాక నేరుగా ఇంటికి రా. తలుపుకి తారు ఉంది, బట్టలకి అంటుకోకుండా పక్కనుంచి రా. అన్నయ్య దుప్పటి ఇవాళ ఉతికాను. ఆరేశాను. ఏమీ కాలేదు నాకు.

ఇట్లు,
నీ అమ్మ

కాగితం కింద కాస్త చోటు మిగిలింది. అక్కడ ఎవరేమన్నా పట్టించుకోకు. దిగులుతో పస్తుండకు తల్లీ. వేళకి, కడుపునిండా తిను.